డబ్బాలో వచ్చిన వయసు

ఆళ్ళగడ్డ,
25 సెప్టెంబరు 2004

మద్దిలేటమ్మ వదినకు నీ మరదలు ఓబులమ్మ నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. నీ తమ్ముడు ఒక దుర్గమ్మ విగ్రహం మొదలుపెట్టి ముక్కు దగ్గర నెల రోజులుగా ఆగిపోయాడు. మీ అమ్మ ఎప్పటిలాగే గట్టిగా ఉంది, గొంతు ఇంకా గట్టిగా ఉంది. ఫోను ఉండగా ఈ జాబేమిటని నువ్వు అనుకుంటావు. మన ఫోను నట్టింట్లో ఉంది. దాని పక్కనే మీ అమ్మ మంచం. నేను చెప్పబోయేది నట్టింట్లో చెప్పుకునే మాట కాదు.

ఈ ఏడు మీ అమ్మ గంటె నా చేతికిచ్చింది. అహోబిలం స్వామి వేటకని ఊరూరా తిరిగే పార్వేట పల్లకి మన శిల్పుల వీధికి వచ్చినప్పుడు గంగాళం పులిహోర మన ఇంటి కోడలే వండాలి, అది కూడా నెలసరి ఆగిపోయిన తర్వాతే అని మన వీధి కట్టుబాటు కదా. పెళ్ళయిన మొదటి ఏడు పల్లకి వచ్చిన రోజే నేను బయట చేరాను. కొట్టం పక్కన చాప మీద కూర్చుని పులిహోర వాసన పీల్చాను తప్ప, స్వామిని చూడలేదు. ఆ రోజు నుంచీ నా కన్ను ఆ గంటె మీదే. పోయిన ఏడాది నెలసరి ఆగింది. మిగతా ఆడవాళ్ళు దీన్ని తలుచుకుని దిగులుపడతారు, నేను మాత్రం లోపల్లోపల పండగ చేసుకున్నాను.

ఆ పండగ నిలవలేదు. ఒంట్లో సెగలు మొదలయ్యాయి. ఉన్నట్టుండి గుండెల్లోంచి మంట లేస్తుంది. మెడ, ముఖం, చెవులు కాలిపోతాయి. రవిక తడిసి ముద్దవుతుంది, ఆ వెంటనే వణుకు. నిద్ర లేదు. మొన్న వినాయక చవితికి కుడుముల పొయ్యి దగ్గర తట్టుకోలేక బిందెడు నీళ్ళు నెత్తిన గుమ్మరించుకున్నాను. వీధంతా చూసింది. మన ఎర్రమ్మ, అదే నా తోడికోడలు, "పెద్ద పొయ్యి నీతో గాదులే అక్కా, నేను జూసుకుంటాలే" అంది. ఆమెకు నెలసరి ఆగి మూడేళ్ళయింది. గంటె కోసం చేతులు కడుక్కుని కూర్చుంది.

చూశావా స్వామి లీల! పొయ్యి దగ్గరికి వెళ్ళే అర్హత ఇచ్చింది ఈ వయసే, పొయ్యి దగ్గర నిలబడనివ్వనిదీ ఈ వయసే. పల్లకి మాఘమాసంలో వస్తుంది. ఆలోగా ఈ సెగ తగ్గే మందేదైనా మీ నంద్యాలలో ఉంటే చెప్పు. పట్నంలో ఉన్నదానివి, నాలుగూ తెలిసినదానివి.

ఇట్లు,
ఓబులమ్మ


నంద్యాల,
4 అక్టోబరు 2004

చిరంజీవి ఓబులమ్మకు వదిన మధులత ఆశీస్సులు.

పేరు చూసి కంగారుపడకు, నేనే. "మద్దిలేటమ్మ అనే పేరులోనే యాభై ఆరేళ్ళు కనిపిస్తున్నాయమ్మా" అని డాక్టర్‌గారు అన్నారు. అందుకని మార్చుకున్నాను. మీ అన్న ఇంకా పాత పేరుతోనే పిలుస్తున్నారు కాబట్టి పలకడం మానేశాను. ఇంట్లో చాలా ప్రశాంతంగా ఉంది.

నీ జాబు చదివి నవ్వొచ్చింది. ఏరు పక్కన పెట్టుకుని దాహమని ఏడుస్తున్నావు. మా నంద్యాలలో ఆరు నెలల కిందట నవయవ్వన హార్మోను కేంద్రం పెట్టారు. డాక్టర్ రాజశేఖర్‌గారు. ముందు పత్తి విత్తనాలు అమ్మేవారు, తర్వాత ఏదో దేశం నుంచి పోస్టులో చదువుకుని డాక్టరయ్యారు. ఆ పట్టా గోడకు బంగారు రంగు చట్రంలో ఉంది. అది ఏ భాషో మీ అన్నకు కూడా అంతుపట్టలేదు, అంత పెద్ద చదువు.

ఆయన చెప్పింది చెబుతాను, విను. నెలసరి ఆగడమంటే ఒంట్లో హార్మోను అనే ఊట ఎండిపోవడం. మామూలు డాక్టర్లు ఇచ్చే హార్మోను మాత్రలు గుర్రపు మూత్రంలోంచి తీస్తారట. రామ రామ! ఈయనది అలాంటిది కాదు. బయో ఐడెంటికల్. అంటే మన ఒంట్లో ఊరేదానికి అచ్చు గుద్దినట్టు ఉండేది. అడవిగడ్డలోంచి తీస్తారు కాబట్టి ఏ చెడూ చేయదట. "సొంత కూతురు ఇంటికొస్తే ఏ తల్లయినా భయపడుతుందా?" అని అడిగారు. హాల్లో ఉన్న ఆడవాళ్ళందరం తలలు ఊపాం. మా అమ్మాయి పోయినసారి వచ్చినప్పుడు జరిగిన రభస నాకు గుర్తొచ్చింది కానీ నేనూ ఊపాను.

ముందు ఉమ్మి పరీక్ష చేయాలి. మన ఊరి బస్సు కండక్టరు అంకన్నతో సీసా పంపిస్తున్నాను. తెల్లవారి నోరు కడుక్కోకముందు దాన్ని ఉమ్మితో నింపి పంపు. బెంగుళూరులో పరీక్షించి నీ ఊట ఎంత ఎండిందో చెబుతారు. నేను వేసవి నుంచీ ఆయనిచ్చిన పూత మందు పూసుకుంటున్నాను. సెగలు లేవు. రాత్రి పడుకుంటే తెల్లారి పాలవాడు లేపాలి. మొన్న గుళ్ళో ఒకామె నన్ను మా అమ్మాయికి అక్కనా అని అడిగింది. ఆమెకు చూపు ఆనదని మీ అన్న అంటున్నారు.

ముగ్గురిని చేర్పిస్తే నాకో డబ్బా ఉచితం. దాని కోసం చెబుతున్నాననుకోకు.

మధులత


ఆళ్ళగడ్డ,
15 అక్టోబరు 2004

మధులత అని పిలిపించుకుంటున్న మద్దిలేటమ్మ వదినకు,

నీ జాబు రెండుసార్లు చదివాను. ఒకసారి మందు కోసం, ఇంకోసారి నవ్వుకోవడం కోసం. మద్దిలేటి స్వామికి మొక్కి పెట్టిన పేరు నువ్వు మార్చుకున్నావని మీ అమ్మకు తెలిస్తే, కట్టె పట్టుకుని నంద్యాల బస్సెక్కుతుంది. నేను చెప్పలేదులే.

నావి రెండు సందేహాలు. అడవిగడ్డలోంచి తీసే మందయితే, ఆత్మకూరు సంతలో చెంచు ఆడవాళ్ళు అమ్మే గడ్డలు తెచ్చుకుని పులుసు పెట్టుకుంటే చాలదా? రెండోది, అంత తెలివైనవాడు విత్తనాల వ్యాపారం ఎందుకు మానేసినట్టు?

అంకన్న సీసా ఇచ్చిపోయాడు. "ఏందమ్మా, మీ వదిన ఖాళీ సీసాలు పంపిస్తాంది? నూనె గాని కావాల్నా?" అని అడిగాడు. అవునన్నాను. ఇక దాన్ని నింపడం నా తరం కాలేదు. ఒంట్లో తడంతా సెగకే పోతుంటే నోట్లో ఎక్కడ మిగులుతుంది? చింతపండు తలుచుకుని, తలుచుకుని నింపాను. మూడో రోజు మీ అమ్మ చూసింది. "ఏందే, పొద్దన్నే సీసాలో ఉమ్ముకుంటాండావ్? నాకు పెట్టే కూట్లో గూడా ఇదేనా?" అంది. పంటి నొప్పికి మందని చెప్పాను. ఆ రోజంతా నేను వడ్డించింది తినలేదు.

సీసా పంపిస్తున్నాను. నవ్వుతూ రాస్తున్నాను కానీ వదినా, నాకు ఆ గంటె కావాలి. దానికోసం ఎక్కడ ఉమ్మమన్నా ఉమ్ముతాను.

ఓబులమ్మ


నంద్యాల,
6 నవంబరు 2004

ఓబులమ్మకు,

నీ ఫలితం వచ్చింది. ఊట నూటికి తొంభై పాళ్ళు ఎండిపోయిందట. డాక్టర్‌గారు ఆ కాగితం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ తల్లి ఇంకా ఎలా నడుస్తోంది?" అన్నారు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

డబ్బా పంపిస్తున్నాను. తెల్లటి డబ్బా, మీద తులసాకు బొమ్మ. లోపల ఏముందో, ఎంత ఉందో రాసి ఉండదు. నేను అడిగితే "ప్రకృతికి కొలతలెందుకమ్మా?" అన్నారు. వేలితో తీసుకుని పొద్దునా సాయంత్రమూ తొడలకు రాసుకో. నీ గడ్డల పులుసు మాట చెప్పాను. చాలాసేపు నవ్వారు. జవాబు మాత్రం చెప్పలేదు, రోగులు ఎక్కువగా ఉన్నారు.

కవరు అంటించబోతూ మళ్ళీ రాస్తున్నాను. ఇప్పుడే ఒక విచిత్రం జరిగింది. ఆవకాయ జాడీ తీస్తే దాని వెనక నీ ఉమ్మి సీసా కనిపించింది! అంకన్న ఇచ్చిన రోజు అక్కడ పెట్టి పూర్తిగా మర్చిపోయాను. అంటే ఆయన దగ్గరికి నీ ఉమ్మి వెళ్ళనే లేదు. ఆలోచించు, ఓబులమ్మా! ఉమ్మి చూడకుండానే ఊట ఎంత ఎండిందో చెప్పాడంటే ఆయన ఎంతటి మనిషి! మీ అన్నకు చెబితే పేపరు అడ్డం పెట్టుకున్నారు. చదువుకున్నవాళ్ళకు నమ్మకం తక్కువ.

మధులత


ఆళ్ళగడ్డ,
8 డిసెంబరు 2004

వదినకు,

ఉమ్మి సీసా సంగతి చదివి డబ్బాను అటక మీద పడేశాను. వారం తర్వాత ఒక రాత్రి సెగకు తట్టుకోలేక చన్నీళ్ళ తొట్టిలో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. తెల్లవారగానే అటకెక్కాను. ఒళ్ళు కాలేదానికి వాన నీళ్ళయితేనేం, మురుగు నీళ్ళయితేనేం?

ఇక ఉన్న మాట చెప్పాలి. పని చేసింది. మూడో వారానికల్లా సెగలు వెళ్ళిపోయాయి. రాత్రి నిద్రపోతున్నాను వదినా, నిద్ర! దాని రుచే మర్చిపోయాను. మొన్న పక్క వీధి పెళ్ళిలో పాయసం పొయ్యి దగ్గర పొద్దుటినుంచీ మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. ఒక్క చెమట చుక్క రాలేదు. మీ అమ్మ కుర్చీలో కూర్చుని చూసి, "ఫర్వాలేదు, గంటెకు తగిన చెయ్యే" అంది. ఇన్నేళ్ళలో ఆమె నోటి నుంచి నాకు వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. నీ డాక్టరును వెక్కిరించినందుకు లెంపలు వేసుకున్నాను.

అసలు తమాషా ఇప్పుడు మొదలయింది. ఎర్రమ్మ నా ముఖం చూసి ఊరుకుంటుందా? రెండు రోజులు నా వెనకే తిరిగి డబ్బా సంగతి లాగింది. ఆమె నుంచి మన దాయాదుల కోడలు లక్ష్మికి, లక్ష్మి నుంచి ఆమె తోడికోడలు రంగనాయకమ్మకు పాకింది. గాజుల మలారం తెచ్చే మున్నీ కూడా "నాకూ ఒకటి తెప్పించక్కా, బిడ్డల మీద ఊరికే అరుస్తాండా" అంది. నాలుగు డబ్బాలు పంపు. నీకు ఒకటి ఉచితంగా వస్తుంది, ఇంకోదాని లెక్కలో ఒక మనిషి జమయినట్టే.

ఓబులమ్మ


నంద్యాల,
5 జనవరి 2005

బంగారు తల్లి ఓబులమ్మకు,

డబ్బాలు అందాయని అంకన్న చెప్పాడు. ఇప్పటికి నేను చేర్పించినవాళ్ళే ఇరవై మంది దాటారు. కేంద్రంలో నన్ను కుర్చీ వేసి కూర్చోబెడుతున్నారు. ఫిబ్రవరి ఆఖరులో కల్యాణ మండపంలో పెద్ద సభ పెడుతున్నారు. ఎక్కువ మందిని చేర్పించినందుకు నాకు శాలువా కప్పుతారట. మైకులో నేను మాట్లాడాలట. ఏం మాట్లాడాలో డాక్టర్‌గారే రాసిస్తారు.

విత్తనాలు ఎందుకు మానేశారని నువ్వు అడిగావు కదా, చనువు చూసుకుని అడిగేశాను. ఎంత సరదా మనిషో చూడు. "విత్తనం మొలవకపోతే రైతు అంగడి ముందరికొచ్చి కొడతాడమ్మా. ఆడవాళ్ళు అలా కాదు. మందు పనిచేస్తే నలుగురికి చెబుతారు, పనిచేయకపోతే ఎవరికీ చెప్పుకోరు. ఇంతకన్నా మంచి వ్యాపారం ఉందా?" అన్నారు. కాంపౌండరు, నేను పడి పడి నవ్వాం. ఇంటికి వచ్చాక ఎందుకో నవ్వు రాలేదు. కాళ్ళు లాగుతున్నాయి, కొంచెం నీరసంగా ఉంది, అందుకే అయ్యుంటుంది.

పార్వేటకు రమ్మని అంకన్నతో చెప్పి పంపావు. ఈసారికి రాలేను. సభ పనులున్నాయి.

మధులత


ఆళ్ళగడ్డ,
28 జనవరి 2005

వదినా,

ఈ జాబు చదివి చింపెయ్. అన్న కంట కూడా పడనివ్వకు.

సోమవారం నాకు రక్తం కనబడింది. ఒకటి రెండు చుక్కలనుకున్నాను. ఆగలేదు. ఈ రోజుకీ పోతూనే ఉంది, పాత రోజుల కన్నా ఎక్కువగా. ఏడాదిన్నర తర్వాత పాత చీరలు చింపుకుంటున్నాను. తెల్లవారకముందే వాగుకు పోయి ఉతుక్కుని, తడి గుడ్డలు గడ్డివాము వెనక ఆరేస్తున్నాను. పదిహేనేళ్ళ పిల్లలాగా దాక్కుంటున్నాను, నాకు మనవడు ఉన్నాడు!

పల్లకి పదకొండో తేదీ వస్తుంది. బియ్యం ఏరడం అయింది. చింతపండు, మిరపకాయలు కొట్టిడిలో పెట్టి తాళం చెవి మీ అమ్మ నా నడుముకు దోపింది. ఇప్పుడు చెబితే గంటె పోతుంది. ఎర్రమ్మ చేతికి పోతుంది. నేను మళ్ళీ కొట్టం పక్కన చాప మీద కూర్చోవాలి. చెప్పకపోతే, ఈ ఒంటితో స్వామికి వండాలి. మింగలేను, కక్కలేను. ఎటు తిరిగినా నాకు భయంగానే ఉంది. నిజం చెప్పాలంటే స్వామి కన్నా ఈ రక్తమే ఎక్కువ భయపెడుతోంది. నీ డాక్టరును అడుగు. తొందరగా రాయి.

ఓబులమ్మ


నంద్యాల,
1 ఫిబ్రవరి 2005

ఓబులమ్మకు,

నీ జాబు అందగానే పేరు చెప్పకుండా డాక్టర్‌గారిని అడిగాను. ఆయన లేచి నిలబడి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. "శుభవార్తమ్మా! ఎండిన భూమి మళ్ళీ పదునయింది. ఇదే యవ్వనం" అన్నారు. భయపడొద్దన్నారు. డబ్బాలో మందు రెండింతలు రాసుకుంటే అంతా సర్దుకుంటుందట. ఇది అందరికీ చెప్పుకునే మాట కాదని, ముఖ్యంగా వేరే డాక్టర్లకు చెప్పకూడదని, వాళ్ళు అసూయపడతారని అన్నారు.

కాబట్టి ధైర్యంగా ఉండు. నోరు మూసుకుని వండేయ్. ఎవరొచ్చి చూస్తారు? యవ్వనంలో ఇలాంటివి ఉంటాయి. నా సంగతేమిటని అడగకు, నాకు సభ పనులతో ఊపిరాడటం లేదు.

మధులత


ఆళ్ళగడ్డ,
24 ఫిబ్రవరి 2005

వదినా,

ఇది పెద్ద జాబు. కూర్చుని చదువు.

నీ మాట విని రెండింతలు రాసుకున్నాను. రక్తం కూడా రెండింతలయింది. పదకొండో తేదీ పొద్దున మూడు రాళ్ళ పొయ్యి మీద గంగాళం ఎక్కించారు. నేను అగ్గిపుల్ల గీసి పట్టుకున్నాను, అది వేలు దాకా కాలింది. ముట్టించడానికి చెయ్యి రాలేదు. కళ్ళు తిరిగాయి. అగ్గిపెట్టె కింద పడేసి మీ అమ్మ దగ్గరికి పోయి, అందరి ముందరా చెప్పేశాను. "అత్తా, నాకు మళ్ళీ కనబడతాంది. పదిహేను దినాలు దాటిపాయ. నేను వండలేను."

చెంప పగులుతుందనుకున్నాను. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని అరుగు మీద కూలేసింది. "ఆగినాక మళ్ళా కనపడితే అది ముట్టు గాదే పిచ్చిదానా, రోగం. మా పెద్దమ్మ గూడా ఇట్లనే దాసిపెట్టుకునింది. దాసిపెట్టుకునే సచ్చిపాయ. స్వామికి ఆకలైతే నల్లమలలో అత్తగారిల్లుంది, చెంచులు ఇంత గడ్డ ఉడకేసి పెడతారు. నువ్వు కర్నూలు పో" అంది. నేను ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఈ ఇంటికి వచ్చాక అదే మొదటిసారి.

అయినా పల్లకి వస్తోంది కదా, ఎవరో ఒకరు వండాలి. మీ అమ్మ ఎర్రమ్మను పిలిచింది. ఇన్నాళ్ళూ గంటె కోసం కాచుకున్న మనిషి, రెండడుగులు వెనక్కి వేసి "నాకు మోకాలు పట్టుకునింది అత్తా" అంది. లక్ష్మిని పిలిస్తే చెయ్యి బెణికిందంది. రంగనాయకమ్మకు ఉన్నట్టుండి చలిజ్వరం వచ్చింది. మీ అమ్మ అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది.

"ఏందే ఇది! ఈదికి ఈది ఒక్కపారే మళ్ళా వయసుకొచ్చినారా?"

ఎర్రమ్మ బావురుమంది. ఆమె వెనకాలే మిగతావాళ్ళు. అందరిదీ అదే డబ్బా, అందరివీ అవే గుడ్డలు. ఒకరికి తెలియకుండా ఒకరం, తెల్లవారకముందే ఒకే వాగుకు పోయి, వేరే వేరే రేవుల్లో ఉతుక్కుంటున్నాం.

మగవాళ్ళు గోడల వంక చూస్తున్నారు. పల్లకి ముందు వచ్చే డప్పులు వినిపిస్తున్నాయి. మీ అమ్మ నీ తమ్ముణ్ణి పిలిచింది. "నరసింహులూ, గంటె పట్టు. ముట్టుడిగినోళ్ళే వండాలంటిరి గదా, నీకు అసలు రానే లేదు."

"పూజారి ఏమంటాడో అమ్మా..."

"ఏమంటాడు? గుళ్ళో వండేది ఆయప్ప గాదా? ఆయప్పేమన్నా ఆడదా? పట్టు!"

నీ తమ్ముడు పట్టాడు. ఉలి పట్టుకున్నట్టే పట్టాడు. పులిహోరలో ఉప్పు రెండుసార్లు వేశాడు. స్వామి ఏమీ అనలేదు, జనమే నీళ్ళ కోసం పరిగెత్తారు.

ఆ తర్వాతి సోమవారం మీరావలి జీపు మాట్లాడుకుని మున్నీతో కలిసి ఐదుగురం కర్నూలు పోయాం. డాక్టర్ లూదియమ్మ దగ్గరికి. ఆమె అందరికీ స్కానింగు తీసి, లోపలి పొర కొంచెం గీకి పరీక్షకు పంపింది. డబ్బా అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "సెగలకు హార్మోను మంచి మందే. చూసి, కొలిచి నేనూ ఇస్తాను. కానీ గర్భసంచి ఉన్న ఆడమనిషికి ఒక హార్మోను ఒక్కటే ఇస్తే లోపలి పొర దళసరి అవుతూ పోతుంది. దాన్ని అదుపులో పెట్టే రెండో హార్మోను తోడుండాలి. మన ఒంట్లో ఉండేదే కదా అంటే ఎలా? ఉప్పు కూడా ఒంట్లో ఉండేదే, అట్లని గంగాళంలో చేటెడు పోస్తారా?" మేం ఐదుగురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకుని నవ్వాం. ఉప్పు సంగతి మాకు అప్పటికే తెలుసు.

మొన్న ఫలితాలు వచ్చాయి. నాకు పొర బాగా పెరిగింది, క్యాన్సర్ కాదు. మాత్రలు ఇచ్చింది, మళ్ళీ చూడాలంది. డబ్బా ఆపేశాం. మిగతావాళ్ళదీ ఇంచుమించు అంతే. ఇంకో ఏడాది రాసుకుని ఉంటే ఏమయ్యేదో చెప్పలేనంది.

ఇప్పుడు నీ సంగతి. ఆ రోజు జీపు నంద్యాల మీదుగానే పోయింది. మీ ఇంటి ముందర ఆపి పిలిచాను. నువ్వు తలుపు తీయలేదు. తెర కదిలింది, చూశాను. సందులోంచి పెరడు కూడా చూశాను. తీగ మీద చింపిన పాత చీర ముక్కలు ఆరుతున్నాయి. నేనూ ఆడదాన్నే వదినా. మాకన్నా ముందు నుంచీ రాసుకుంటున్నది నువ్వు. ఊరందరి యవ్వనం గురించి రాశావు, నీకెన్ని నెలల నుంచి పోతోందో ఒక్క ముక్క రాయలేదు. నీ మీద కోపంగా ఉంది. ఆ కోపం కన్నా నువ్వేమైపోతావోనన్న భయం ఎక్కువగా ఉంది.

వచ్చే గురువారం మళ్ళీ పోతున్నాం. జీపు మీ ఇంటి ముందర ఆగుతుంది. ఈసారి తలుపు తీయకపోతే మీ అమ్మను తీసుకొస్తాను.

ఓబులమ్మ


నంద్యాల,
28 ఫిబ్రవరి 2005

ఓబులమ్మా,

దసరా నుంచీ. ఒక నెల ఆగింది, మళ్ళీ మొదలయింది. ఇప్పుడు ఆగడం లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. డాక్టరును అడిగితే యవ్వనమన్నాడు. నేనూ అదే మాట ఇరవై మందికి చెప్పాను, నీకు కూడా రాశాను. రాసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రక్తం పోతోందని ఒప్పుకుంటే నేను చేర్పించిన వాళ్ళందరికీ ఏం జవాబు చెప్పాలి? అందుకని తెర వెనక నిలబడ్డాను. జీపులో మున్నీ నవ్వు కూడా వినిపించింది.

నిన్న సభ జరిగింది. వెళ్ళకూడదనుకున్నాను. నీ జాబు శనివారం అందింది, వెళ్ళాను. మండపం నిండా ఆడవాళ్ళు, వెనక నాలుగు వరుసల్లో మొగుళ్ళు. ముందు వరుసలో డాక్టరు భార్య పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఆమె పేరు నాకు తెలియదు, పిలుపు కాగితంలో కూడా శ్రీమతి రాజశేఖర్ అనే వేశారు. నాకు శాలువా కప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు. రాసిచ్చిన కాగితం చేతిలో పెట్టి మైకు ముందు నిలబెట్టారు. కాగితం మడిచేశాను.

"నా పేరు మద్దిలేటమ్మ. నాకు యాభై ఆరేండ్లు. ఆగిపోయినాక నాకు మళ్ళా రక్తం పోతాంది. నాలుగు నెలలు దాటిపాయ. యవ్వనమంటాండారు. మా మరదలు కర్నూలులో చూపించుకునింది, యవ్వనం గాదంట, రోగమంట. ఈ డబ్బా పూసుకునేటోళ్ళలో ఇంకెవురికి పోతాందో చెప్పండమ్మా. నేను చేర్పించినోళ్ళకైతే నేనే అడుగుతాండా, తప్పు నాది."

ఒక్కరూ కదల్లేదు. మగవాళ్ళు చెప్పులు వెతుక్కుంటున్నారు. డాక్టరు నవ్వుతూ వచ్చి మైకు మీద చెయ్యి పెట్టాడు. "అమ్మగారు భావోద్వేగంలో ఉన్నారు" అన్నాడు.

"భావోద్వేగం గాదప్పా, రక్తం" అన్నాను.

మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆ మాట మండపం అంతా వినబడింది. మళ్ళీ అడిగాను. ఎవరూ లేవలేదు. వాడు చెప్పింది నిజమే, ఆడవాళ్ళు చెప్పుకోరు అనుకున్నాను. శాలువా తీసి కుర్చీ మీద పెట్టి దిగబోయాను. అప్పుడు ముందు వరుసలో డాక్టరు భార్య లేచి నిలబడింది. చెయ్యి పైకెత్తింది. వాడు "కూచో" అన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆ తర్వాత వెనక వరుసల నుంచి ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. లెక్కపెట్టలేకపోయాను, కళ్ళ నిండా నీళ్ళు.

నాకు లోపల ఏముందో తెలియదు. చాలా భయంగా ఉంది, ఓబులమ్మా. గురువారం తలుపు తీసి గుమ్మంలోనే నిలబడి ఉంటాను. మీరావలికి చెప్పి జీపులో ఇద్దరికి చోటు ఉంచు. డాక్టరు భార్య రాత్రి నుంచీ మా ఇంట్లోనే ఉంది.

మద్దిలేటమ్మ